తుడిచేసిన తెలుపు

ఫిబ్రవరి 3

ప్రియమైన అక్కకి,

నీ కాలి సంగతి అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. "మామయ్యా, లైన్లో ఉన్నావా?" అని మూడుసార్లు అడిగింది. ఉన్నాను. మాట రాలేదు. అందుకే రాస్తున్నాను.

ఈ వయసులో స్టూలెక్కి అటక మీది డబ్బా తీయడం నీకెందుకు? సరే, అయిపోయింది. పడి విరిగిన చోట, మోకాలి కింద ఎముకలో చీము పట్టిందట. గీకి తీసేశారట. అక్కడ గుంట మిగిలిందట. ఇదంతా విన్నాక రెండు రోజులు తిండి సయించలేదు.

ఒక మంచి మాట ఉంది. మీ ఆసుపత్రి డాక్టరు మా ల్యాబు నడిపే మేడమ్‌కి బాగా తెలిసినాయన. అలాంటి గుంటల్లో నింపే గాజు మా ల్యాబులోనే తయారవుతుంది. నిజం గాజే. ఇసుక, సున్నం, సోడా, కొంచెం భాస్వరం కలిపి కొలిమి మేస్త్రీ కరిగిస్తాడు. దాన్ని రవ్వలా నూరి ఎముక గుంటలో పెడితే, మెల్లగా కరుగుతూ ఆ చోటికి ఎముకని రప్పిస్తుందట. పాత గాజు అయిపోయింది. కొత్త వాయి నిన్ననే దిగింది. ప్రతి వాయినీ ఇరవై ఎనిమిది రోజులు సీసాల్లో పెట్టి పరీక్షిస్తారు. అందులో నిలబడితేనే ఆసుపత్రికి పంపుతారు. పంపాల్సినవాళ్ళలో మొదటి పేరు నీదే.

ఇంకో సంగతి. ఇరవై రెండేళ్ళు ఇక్కడ సీసాలు కడిగాను కదా. పరీక్షకి పెట్టిన గాజు బిళ్ళలు చూసే పని జనవరి నుంచి నాకిచ్చారు. ముందు చేసినాయన రిటైరయ్యాడు. "తాతా, నీ చేతిలో మురికి నిలవదు, నువ్వే చూడు" అంది మేడమ్. అంటే నీ కాలికి పెట్టే గాజుని నేనే చూసుకుంటున్నానన్నమాట.

కాలు దిండు మీద ఎత్తి పెట్టుకో.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 12

మూగనోము పట్టిన నా ప్రియమైన తమ్ముడికి,

ఉత్తరం అందింది. రెండు పేజీలు! నీ జన్మలో ఒక్కసారిగా ఇన్ని మాటలు ఎప్పుడైనా అన్నావా? ఆ రోజుల్లో ఎదురింటి పిల్ల తనే వచ్చి అడిగితే "ఊఁ" అనలేక పోగొట్టుకున్నవాడివి. ఆ "ఊఁ" అని ఉంటే ఈపాటికి నాకో మరదలుండేది, డబ్బా తీయడానికి నేను స్టూలెక్కాల్సిన పనుండేది కాదు. కాబట్టి నా కాలు విరిగింది నీ వల్లే.

నవ్వావా? నవ్వు. నాకు ఇక్కడ నవ్వేవాళ్ళు లేరు. వార్డులో ఆరు మంచాలు. నాది కిటికీ పక్కది. అమ్మాయి బస్టాండు టికెట్ కౌంటర్లో డ్యూటీకి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి వస్తుంది. మధ్యలో పక్క మంచం ఆవిడే నాకు లోకం. ఆవిడకీ కాలే, ఆవిడకీ గుంటే.

ఇంతకీ నాకొకటి చెప్పు. గాజు కాల్లో పెడితే గుచ్చుకోదా? కరుగుతుందంటావేమిటి? ఇంట్లో గాజు గ్లాసులో ఇన్నేళ్ళు నీళ్ళు తాగాం, అది ఎప్పుడైనా కరిగిందా? డాక్టరుని అడిగితే ఇంగ్లీషులో గొణిగి పోయాడు. నువ్వైతే మన భాషలో చెప్తావు.

ఏదైనా నువ్వు చూసే గాజంటే నాకు భయం లేదు. చిన్నప్పుడు లాంతరు చిమ్నీ తుడవడం నీకు నేర్పింది నేనేగా. ఒక్క మసి చుక్క మిగిలితే మళ్ళీ మొదటినుంచి తుడిపించేదాన్ని. నువ్వు ఏడుస్తూ తుడిచేవాడివి. నా కాలికి నా తమ్ముడే గాజు చేస్తున్నాడని వార్డంతా చెప్పేశాను. "మీ తమ్ముడు డాక్టరా?" అంది పక్క మంచం ఆవిడ. "డాక్టర్లకే డాక్టరు" అన్నాను. పరువు నిలబెట్టు.

అక్క


మార్చి 7

ప్రియమైన అక్కకి,

గాజు కరుగుతుందా అని అడిగావు. మూడు రోజులు ధైర్యం కూడగట్టుకుని మేడమ్‌ని అదే అడిగాను. ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత రాస్తున్నాను.

కిటికీ గాజులో ఇసుక పాలు ఎక్కువ. అందుకే గట్టి. మా గాజులో ఇసుక తక్కువ, సోడా, సున్నం ఎక్కువ. ఒంట్లో నీళ్ళు తగలగానే ముందు సోడా బయటికొచ్చేస్తుంది. అప్పుడు గాజు పైభాగం జిగురులా మెత్తబడుతుంది. ఆ మెత్తటి చోట సున్నం, భాస్వరం వచ్చి కూర్చుంటాయి. మన ఎముకలో ఉండేవీ అవే. ఎముక దాన్ని తనదే అనుకుని వచ్చి పట్టుకుంటుందట. ఇటు గాజు తరిగిపోతూ ఉంటుంది, అటు ఎముక పెరుగుతూ ఉంటుంది. గుచ్చుకోదు.

మనిషికి పెట్టేముందు సీసాలో చూడాలి కదా. అందుకని ఉప్పులు కలిపి ఒంట్లో ఉండేలాంటి నీళ్ళే తయారు చేస్తాం. నేను వాటిని ఒంటినీళ్ళు అంటాను. ఒక ఉప్పు పూర్తిగా కరిగాకే ఇంకోటి వేయాలి. తొందరపడితే తెల్లగా మబ్బు కడతాయి. మబ్బు కట్టిందంటే పాడైనట్టే, పారబోసి మళ్ళీ కలపాలి. ఇది మేడమ్ మొదటి రోజే గట్టిగా చెప్పింది. ఆ నీళ్ళు ప్లాస్టిక్ సీసాల్లో పోసి, చొక్కా గుండీ అంత గాజు బిళ్ళ ఒక్కోదాన్లో వేసి, ఒంటి వేడి ఉండే పెట్టెలో పెడతాం. మూడో రోజు కొన్ని, ఏడో రోజు కొన్ని, అలా చివరిదాకా తీస్తాను.

తీసేసరికి బిళ్ళ మీద సుద్దలాంటి తెల్లటి పాచి పట్టి ఉంటుంది. నీళ్ళు ఎంత జాగ్రత్తగా కలిపినా పడుతోంది. మెత్తటి గుడ్డతో తుడిచి, కడిగి, అద్దంలా చేసి మేడమ్‌కి ఇస్తాను. మురికి బిళ్ళ ఒక్కటి కూడా ఆవిడ దగ్గరికి పోలేదు. ఆవిడ పెద్ద మిషన్ కింద పెట్టి చూస్తుంది.

చెడ్డ మాట చివర్లో రాస్తున్నాను. ఫలితం రాలేదు. సున్నం, భాస్వరం పొర ఏ బిళ్ళ మీదా లేదట. గాజు కరిగించడంలోనే తేడా వచ్చిందంటోంది మేడమ్. మేస్త్రీ మళ్ళీ కరిగిస్తున్నాడు. ఇంకో ఇరవై ఎనిమిది రోజులు ఆగాలి. ఓర్చుకో అక్కా.

నీ తమ్ముడు


మార్చి 16

ప్రియమైన తమ్ముడికి,

ఇంకో ఇరవై ఎనిమిది రోజులా? నీ గాజు కూడా అచ్చం నీలాగే ఉందిరా, నోరు విప్పడానికి నెల పడుతుంది.

నాకు మళ్ళీ జ్వరం. కట్టు విప్పితే తడిగా ఉంటోంది. నర్సు ముక్కు చిట్లించి, నేను చూశానని తెలిసి నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మొన్న డాక్టరు వచ్చి మంచం పక్కన కూర్చుని ఏదో మాట్లాడాడు. అమ్మాయి డ్యూటీలో ఉంది. నేనే జవాబు చెప్పాను, మా తమ్ముడి దగ్గర్నుంచి కబురు వచ్చేదాకా ఆగుతానని.

నువ్వు చెప్పినదంతా పక్క మంచం ఆవిడకి చెప్పాను. సోడా పోవడం, జిగురు, సున్నం రావడం, అన్నీ. "మీరు బాగా చదువుకున్నారే" అంది. అయిదో తరగతని చెప్పలేదు.

ఎక్కువ రాయలేను. నువ్వు మాత్రం తిని పడుకో. ఒక్కడివే కదా అని ఏదో ఒకటి నమిలి ఊరుకోకు.

అక్క


ఏప్రిల్ 8

ప్రియమైన అక్కకి,

రెండో వాయి కూడా పోయింది. పొర లేదు.

మేడమ్‌కి పిచ్చెక్కినట్టుంది. ఒంటినీళ్ళు పరీక్షిస్తే భాస్వరం తగ్గిపోతోందట. బిళ్ళ మీద చూస్తే లేదు. "నీళ్ళలోంచి పోయింది. గాజు మీదికి రాలేదు. మరి ఎక్కడికి పోయినట్టు?" అని బోర్డు మీద రాసి, దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటోంది.

మేస్త్రీ మీద కోపం తెచ్చుకుంది. వేడి సరిగ్గా చూడలేదని, తూకంలో తప్పు చేశావని అంది. ఆయన ఊరుకోలేదు. "ముప్పై ఏళ్ళు కొలిమి ముందు మొహం కాల్చుకున్నవాణ్ణి. నా గాజుకేం రోగం? రోగం మీ నీళ్ళలో ఉంది" అని అరిచాడు. ఆయన్ని స్టోరుకి మార్చారు. మూడో వాయి బయటినుంచి వచ్చిన ఇంకొకాయన కరిగిస్తున్నాడు. నాకు జాలేసింది. వెళ్ళి ఒక మాట అందామనుకున్నాను. అనలేదు.

నా వంతు నేను ఇంకా శ్రద్ధగా చేస్తున్నాను. తుడిచే గుడ్డ కూడా కొత్తది తీసుకున్నాను.

అమ్మాయి ఫోన్ చేసింది. చీము పైకి పాకుతోందట. మోకాలి దాకా రాకముందే కాలు తీసేయాలంటున్నారట. నువ్వు ఏడవలేదని చెప్పింది. నాకు తెలుసు, నువ్వు అమ్మాయి ముందు ఏడవవు. ఏ రోజో చెప్పు. సెలవు పెట్టి వస్తాను.

నీ తమ్ముడు


మే 2

ప్రియమైన అక్కకి,

క్షేమంగా చేరాను. మందులు వేళకి వేసుకో. చంక కర్రలు రెండూ ఒకే ఎత్తున ఉన్నాయో లేదో ఒకసారి చూపించుకో. ఇక్కడ పని బాగానే ఉంది.

నీ తమ్ముడు


మే 10

ప్రియమైన తమ్ముడికి,

ఇది ఉత్తరమా, మందుల చీటీయా?

ఆపరేషన్‌కి ముందొచ్చి అయిదు రోజులు నా మంచం పక్కన కూర్చున్నావు. "నొప్పిగా ఉందా", "నీళ్ళు తాగు", "పడుకో", "వెళ్ళొస్తా". ఇంతే అన్నావు. అయినా నాకు చాలింది. నువ్వు కూర్చుంటే మాట్లాడినట్టే. కానీ ఈ కాగితం మీద నువ్వు కూర్చుని లేవు. ఏదో దాస్తున్నావు. చిన్నప్పుడు నా పలక పగలగొట్టినప్పుడు కూడా ఇలాగే "పలక బాగానే ఉంది" అన్నావు.

నా సంగతులు రాస్తాను, నీకు సిగ్గేసైనా నోరు తెరుస్తావు. లేని పాదం దురద పెడుతుందిరా. బొటనవేలి పక్క వేలు. గోక్కుందామని వంగుతాను. అక్కడ దుప్పటి చదునుగా ఉంటుంది. అమ్మాయి చూస్తుందని దుప్పటి సర్దుతున్నట్టు నటిస్తాను. అది వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుతుంది, ఏడుపు వినబడకుండా. ఇద్దరం దొంగలమే ఈ ఇంట్లో. రెండో కాలి చెప్పు ఇంకా గుమ్మం పక్కనే ఉంది. దాన్ని పారేయమంటే అమ్మాయి నా మీద కేకలేసింది.

డాక్టర్లని రోజూ తిడుతోంది. ముందే ఏదో ఒకటి చేయాల్సింది, కాలయాపన చేశారు అని. నేను వింటాను.

ఏమైందో రాయి. నన్ను ఇంకా భయపెట్టగలిగేది ఏముంది?

అక్క


మే 20

ప్రియమైన అక్కకి,

అమ్మాయి ఇంట్లో లేనప్పుడు చదువు.

నీ దగ్గర్నుంచి వచ్చిన మర్నాడు ల్యాబుకి వెళ్ళాను. గుమ్మంలోనే మేడమ్ ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది. "తాతా, వచ్చింది!" అంది. నేను నీ పక్కన ఉన్న ఆ రోజుల్లో మూడో వాయి బిళ్ళలు ఒక విడత తీయాల్సి వచ్చింది. నేను లేనని ఆవిడే తీసిందట. శుభ్రమైన నీళ్ళలో ఒకసారి ముంచి ఆరబెట్టిందట, అంతే. మిషన్ కింద పెడితే సున్నం, భాస్వరం, అచ్చం ఎముకలో ఉన్నట్టే. "చూడు, కంటికే కనిపిస్తోంది" అని ఒక బిళ్ళ నా అరచేతిలో పెట్టింది.

తెల్లగా ఉంది అక్కా. సుద్ద పూసినట్టు.

మురికనుకుని నేను తుడిచింది అదే. ఎముక అదే. నీళ్ళలోంచి పోయిన భాస్వరం నా గుడ్డలోకి పోయింది. ఆ పొర కంటికి కనిపించదేమో, మిషన్‌కే కనిపిస్తుందేమో అనుకున్నాను. ఎవర్నీ అడగలేదు. నీళ్ళు తెల్లబడితే పాడైనట్టని చెప్పారు కదా, బిళ్ళ తెల్లబడినా అంతే అనుకున్నాను. మొదటి వాయికి పద్దెనిమిది బిళ్ళలు. రెండో వాయికి పద్దెనిమిది. అన్నిటి మీదా వచ్చింది. అన్నిటినీ తుడిచాను. సరిగ్గా పోనివాటిని రెండుసార్లు తుడిచాను.

నేను తుడవకపోతే మార్చి మొదట్లోనే గాజు నీకు చేరేది. నీ కాలు ఉండేది.

మేడమ్‌కి చెప్పలేదు. మొదటి రెండూ పాడు వాయిలని పుస్తకంలో రాసుకుంది. మేస్త్రీ స్టోరులో ఇనుప సామాను సర్దుతున్నాడు. రోజూ ఆయన ముందు నుంచే వెళ్తాను. "ఏం తాతా" అంటాడు. తలూపుతాను.

నీకైనా చెప్పాలి. నువ్వు ఏమన్నా పడతాను. అసలు రాయకపోయినా సరే.

నీ తమ్ముడు


జూన్ 25

తమ్ముడూ,

నెల దాటింది. రాయకూడదనే రాయలేదు.

నాలుగు రోజులు నిన్ను తిట్టాను. ఒంటరిగా గోడకేసి చూస్తూ తిట్టాను. నీ చేతులు పడిపోనూ అని కూడా అన్నాను. అన్నానని నీకు తెలియాలి, నీ దగ్గర మంచిదాన్ని అనిపించుకోవాలని లేదు. స్నానానికి ఇద్దరు పట్టుకుంటే గానీ లేవలేనిదాన్ని నేను. తిట్టకుండా ఎలా ఉంటాను?

అయిదో రోజు నుంచి తిట్టలేకపోయాను. ఎందుకో రాస్తాను. ఇది ఎవరికీ తెలియదు.

మార్చిలో డాక్టరు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడని రాశాను కదా. ఆయన ఏమడిగాడో నీకు రాయలేదు. "అమ్మా, మీ తమ్ముడుగారి ల్యాబు గాజు ఆలస్యమవుతోంది. వేరే కంపెనీది తయారుగా ఉంది. చాలామందికి పెట్టాం, పని చేసింది. మీరు సంతకం పెడితే ఈ వారమే నింపేస్తాను" అన్నాడు. నేను వద్దన్నాను. "మా తమ్ముడి చేతి గాజు వస్తోంది, నాకు అదే పెట్టండి" అన్నాను. ఆయన మర్నాడు మళ్ళీ అడిగాడు. ఆ తర్వాత వారం ఇంకోసారి అడిగాడు. మూడుసార్లూ కాగితం వెనక్కి తోశాను. ఆయన అమ్మాయితో మాట్లాడతానంటే, నా కాలు నా ఇష్టం, దానికి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను.

నీ మీద నమ్మకం కొంత. మొండితనం కొంత. వార్డంతా గొప్పలు చెప్పుకున్నాను కదా, ఇప్పుడు ఇంకొకరి గాజు పెట్టించుకుంటే పక్క మంచం ఆవిడ ముందు చిన్నతనమవుతుందని కొంత. ఆవిడ సంతకం పెట్టింది. ఆవిడకి కంపెనీ గాజే నింపారు. ఆవిడ నడుచుకుంటూ ఇంటికెళ్ళిందని మొన్న అమ్మాయి చెప్పింది. వెళ్తూ వెళ్తూ నా గురించి అడిగిందట.

నువ్వు తెలియక తుడిచావు. నన్ను మూడుసార్లు అడిగారురా. నాకు అన్నీ చెప్పి మరీ అడిగారు.

అమ్మాయి ఆ డాక్టరుని తిడుతుంటే నోరు మూసుకుని వింటున్నాను. నువ్వు మేస్త్రీ ముందు తలూపి వెళ్ళిపోతున్నావు. ఇలా ఎన్నాళ్ళు? ఇద్దరిలో ఎవరో ఒకరు ముందు నోరు తెరవాలి. పెద్దదాన్ని కాబట్టి నేను తెరుస్తాను. ఈ సాయంత్రం అది డ్యూటీ నుంచి రాగానే నాది చెప్తాను. నీ ఉత్తరం కూడా దాని చేతికిస్తాను. ఈ కాగితం నీకు అందేసరికి ఇక్కడ అయిపోయి ఉంటుంది. అది ఏమంటుందో, నన్ను ఏమంటుందో, నాకూ భయంగానే ఉంది.

తర్వాత నువ్వు. మేడమ్‌కి చెప్పు. మేస్త్రీ ఎదురుగానే చెప్పు. కాగితం మీద రాసి బల్ల మీద పెట్టి పారిపోతావేమో, నాకు తెలుసు నీ సంగతి. నోటితో చెప్పు.

అక్క


జూలై 3

ప్రియమైన అక్కకి,

చెప్పాను.

మేస్త్రీని స్టోరులోంచి వెంటబెట్టుకుని మేడమ్ గదిలోకి వెళ్ళాను. "ఏమిటి తాతా?" అంది. "ఈయన నోరు తెరిచేసరికి కొలిమి చల్లారిపోతుంది" అన్నాడు మేస్త్రీ. అప్పుడు అన్నాను, "ఆ తెల్లది నేనే తుడిచేశాను" అని. ఇంకేం చెప్పాలో తెలియలేదు. వాళ్ళకి అర్థమైంది.

మేడమ్ పుస్తకం తీసి మొదటి రెండు వాయిల పేజీలు తిప్పింది. అరవలేదు. "ఒక్క రోజైనా నీ పక్కన నిలబడి చూసుంటే తెలిసేది" అంది. పాడు వాయి అని రాసినచోట రెండుసార్లూ కొట్టేసింది. ఆ గాజు ఇంకా ఉందట, మళ్ళీ పరీక్షిస్తారట. పనికొస్తే ఎవరి కాలికో పంపుతారు. మేస్త్రీ కొలిమి గది తాళంచెవి అడిగి తీసుకుని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి నావైపు చూడలేదు. చూస్తాడో లేదో తెలియదు.

నన్ను పొమ్మనలేదు. నేనే బిళ్ళల పని వద్దన్నాను. మళ్ళీ సీసాలు కడుగుతున్నాను.

ఆ కంపెనీ గాజు సంగతి చదివాను. దాని మీద నేను ఏం రాయగలను? నన్ను అంత నమ్మకుండా ఉండాల్సింది అక్కా.

అమ్మాయి ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. ఈ ఆదివారం చేయలేదు. నువ్వు చెప్పేశావని అప్పుడే తెలిసింది.

శనివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. అమ్మాయి తలుపు తీయకపోతే మెట్ల మీద కూర్చుంటాను. తను తీసేదాకా కూర్చుంటాను. కోపం తీరేదాకా తీయక్కర్లేదని చెప్పు. తలుపు చప్పుడు విని నువ్వు మాత్రం లేచి రావద్దు.

నీ తమ్ముడు